పాడేది ఎవరు? తెలుగు చర్చిలో కీర్తన, వర్షిప్ సాంగ్

చర్చి ఆరాధనలో సంగీతం ఇవాళ రెండు తీరుల్లో వినిపిస్తోంది. ఒకటి పుస్తకం చూసి పాడేది. దానికి అచ్చులో ఉన్న ఆరాధన క్రమం, నంబరు చెప్పి ఎత్తుకునే కీర్తన, హార్మోనియం, తబలా ఉంటాయి. రెండోది తెర చూసి పాడేది. దానికి కీబోర్డు, గిటార్, డ్రమ్స్, వేదిక మీద మైకులు పట్టుకున్న నలుగురైదుగురు గాయకులు ఉంటారు. ఆ స్తుతి ఆరాధన మధ్యలో ఆగకుండా అరగంట, ముప్పావుగంట సాగుతుంది. మొదటిది సంప్రదాయం, రెండోది ఆధునికం అనడం వాడుకైపోయింది. వాడుకకు పేర్లు సరిపోతాయి గానీ, వాటి వెనకున్న చరిత్ర అంత తేలిగ్గా రెండు ముక్కలు కాదు. సంప్రదాయమనిపించుకుంటున్న వాటిలో చాలా భాగం ఒకప్పుడు కొత్తది, తగాదాలు పెట్టింది కూడా.

ఈ రెండు తీరులనూ పక్కపక్కనే చూడదగిన చోటు పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతం. గోదావరిఖని సింగరేణి గనులతో పెరిగిన ఊరు. జ్యోతినగర్ ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కోసం వెలసిన టౌన్‌షిప్. ఆ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. బొగ్గుకూ కరెంటుకూ మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో పాటు కోస్తా జిల్లాల వాళ్లు, కేరళ, తమిళనాడు, ఒడిశా, ఉత్తరాది ఉద్యోగులు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లలో క్రైస్తవులు ఎవరి చర్చి అలవాటును వాళ్లు వెంట తెచ్చుకున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు లూథరన్ పద్ధతి తెలుసు, ఒంగోలు వైపు వాళ్లకు బాప్టిస్టు పద్ధతి తెలుసు. మలయాళీలు మార్తోమా, పెంతెకోస్తు అలవాట్లతో దిగారు. స్థానిక క్రైస్తవుల్లో ఎక్కువమంది మెథడిస్టు మిషన్ నుంచి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్ఐలోకి వచ్చిన కుటుంబాల వాళ్లు. సీఎస్ఐ కరీంనగర్ అధ్యక్ష మండలం కూడా దోర్నకల్ నుంచి విడివడి 1978లోనే ఏర్పడింది. యైటింక్లయిన్ కాలనీ నుంచి జ్యోతినగర్ దాకా ఆదివారం పొద్దున తిరిగితే ఆరాధన పద్ధతులన్నీ ఒక్క పూటలో వినొచ్చు.

సంప్రదాయం అనే ఒక్క మాట కింద ఇక్కడ రెండు వేర్వేరు పాటలున్నాయి. మొదటిది పాశ్చాత్య హిమ్ను. కరీంనగర్, మెదక్ ప్రాంతాలకు క్రైస్తవాన్ని తెచ్చినవాళ్లు ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ల మతమే పాట మీద నిలిచింది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుల్లో ఒకడైన చార్లెస్ వెస్లీ రాసిన హిమ్నులు 6,000కు పైనే. ఆ హిమ్నులను తెలుగులోకి దించి, అవే ఇంగ్లిష్ బాణీల్లో పాడించారు. భావం నిలబడింది కానీ మాట ఇబ్బంది పడింది. ఇంగ్లిష్ బాణీకి ఊనికలు కావాలి, తెలుగు మాటకు హ్రస్వ దీర్ఘాలు ముఖ్యం. బాణీ కోసం హ్రస్వాన్ని సాగదీస్తే, దీర్ఘాన్ని కుదిస్తే, పాడేవాడికి అర్థం తెలిసినా వినేవాడి చెవికి అది పరాయి మాటలా తగులుతుంది. పెద్ద పండుగలకూ పెళ్లిళ్లకూ ఆ హిమ్నులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఇంట్లో వంట చేసుకుంటూ కూనిరాగం తీసే పాటలుగా అవి ఎన్నడూ స్థిరపడలేదు.

రెండోది కీర్తన. తెలుగు క్రైస్తవుల సొంత ఆస్తి ఇదే. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం పుచ్చుకున్న పురుషోత్తమ చౌధరి (1803–1890) ఈ దారి వేసినవాళ్లలో మొదట చెప్పుకోవలసిన కవి. తనకు పుట్టుకతో తెలిసిన పద్య, పద సంప్రదాయాన్ని వదిలిపెట్టకుండా దాంట్లోనే క్రీస్తు కథను చెప్పాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, ప్రాస, యతి అన్నీ యథాతథం. తమిళ నేల మీద తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774–1864) చేసింది కూడా ఇటువంటి పనే. తర్వాత తరాల పాస్టర్లు, ఉపదేశులు, బడిపంతుళ్లు కూర్చిన పాటలు వందల సంఖ్యలో చేరి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకమైంది. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు అన్న తేడా లేకుండా ఆ ఒక్క పుస్తకం తెలుగు ప్రొటెస్టెంట్ ఇళ్లన్నిట్లో బైబిలు పక్కన చోటు సంపాదించింది. సిద్ధాంతాల దగ్గర కలవని సంఘాలు పాట దగ్గర కలిశాయి.

ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, బిలహరి వంటి పేర్లు కనిపిస్తాయి. స్వరలిపి ఉండదు. అందుకే అదే కీర్తనను గుంటూరులో ఒక వర్ణమెట్టులో, కరీంనగర్ పల్లెలో ఇంకో వర్ణమెట్టులో పాడతారు. పుస్తకంలో ఉన్న రాగానికీ సంఘం పాడే రాగానికీ పొంతన లేని సందర్భాలూ బోలెడు. అచ్చులో ఉన్న రాగం పేరును పట్టించుకునేవాళ్లు చర్చిలో ఒకరిద్దరికి మించరు. పాట తల్లి నోటి నుంచి బిడ్డకు వస్తుంది. పాస్టరుగారు నంబరు చెప్పగానే హార్మోనియం వాయించే ఆయన శ్రుతి పట్టేలోపే ముందు వరుసలో ఒక పెద్దావిడ ఎత్తుకుంటుంది. ఆమె ఎత్తిన శ్రుతికి హార్మోనియమే సర్దుకోవాలి. ఒక చరణం ముందువాళ్లు పాడితే పల్లవిని అందరూ అందుకుంటారు. ఆరేడు చరణాలున్నా ఫర్వాలేదు. చదువురాని మనిషి కూడా ప్రతి చరణం చివర పల్లవి దగ్గర కలుస్తాడు. చరణాల్లో కథ నడుస్తుంది, పల్లవిలో సంఘం నడుస్తుంది. అక్షరాస్యత తక్కువగా ఉన్న రోజుల్లో తెలుగు పల్లెల్లో బైబిలు నిలిచింది ఈ ఏర్పాటు వల్లనే అంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు సంప్రదాయానికి గుర్తుగా చూపించే హార్మోనియం కూడా యూరప్ వాయిద్యమే. మిషనరీల వెంట వచ్చింది, మన భజన మందిరాల్లోకీ నాటక రంగం మీదికీ పాకింది. గమకాలు పలకలేదన్న ఆరోపణతో ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దానికి తలుపులు మూసేసింది. గిటార్ విదేశీ కాబట్టి చర్చిలో వద్దు, హార్మోనియం చాలు అనే పెద్దలకు ఈ సంగతి చెబితే నవ్వి ఊరుకుంటారు.

పాటతో పాటు ఆరాధన క్రమాన్ని కూడా చూడాలి. సీఎస్ఐ చర్చిలో ఆదివారం ఆరాధన ఇష్టమొచ్చినట్టు సాగదు. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ మాట, పాఠాలు, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపన, కానుక, ఆశీర్వాదం వరసగా వస్తాయి. ఏ ఆదివారానికి ఏ పాఠమో, ఏ అంశమో ముందే నిర్ణయమై ఉంటుంది. పాట ఆ అంశానికి లోబడి నడవాలి. లెంటు దినాల్లో శ్రమల కీర్తనలు, మట్టల ఆదివారానికి ఊరేగింపు పాటలు, శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల నడుమ పాటలు, పంట పండుగకు వేరే పాటలు అని ఏడాది పొడుగునా ఒక లెక్క ఉంటుంది. పాతకాలపుదిగా కనిపించే ఈ క్రమం కూడా ఒకప్పుడు విప్లవమే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్ఐ అయ్యారు. 1950లో ప్రభు భోజన సంస్కారానికి కొత్త క్రమం రాసుకున్నారు. గురువు సంఘానికి వీపు పెట్టకుండా బల్ల వెనక నిలబడి ఎదురుగా చూడటం, పక్కవాళ్ల చేతులు పట్టుకుని సమాధానం చెప్పుకోవడం అందులో ఉన్నాయి. అప్పటికి పశ్చిమ దేశాల చర్చిలకు ఇవి వింత. తర్వాతి దశాబ్దాల్లో అక్కడి సంఘాలే ఈ పద్ధతిని తీసుకున్నాయి. దక్షిణ భారతం నుంచి పశ్చిమానికి ఎగుమతి అయిన ఆరాధన ఇది.

కతోలికుల్లో మార్పు పైనుంచి వచ్చింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆమోదించిన ఆరాధనా సంస్కరణ పత్రంతో లాటిన్ పూజ స్థానంలో స్థానిక భాషల పూజ మొదలైంది. స్థానిక సంగీతానికి చోటు దొరికింది. 1952లో ఏర్పడ్డ వరంగల్ మేత్రాసనం పరిధిలోని కరీంనగర్ ప్రాంతపు కతోలిక ఆలయాల్లో కూడా తెలుగు పూజ, తెలుగు పాటలు స్థిరపడ్డాయి. అక్కడ సంగీతం ఎంత మారినా పూజ చట్రం కదలదు. అందువల్ల పాటల తగాదా ప్రొటెస్టెంట్లలో ముదిరినంతగా వాళ్లలో ముదరలేదు.

కీర్తనకూ హిమ్నుకూ అవతల మూడో పాట ఒకటుంది, అది జానపదం. తెలుగు చర్చిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. డప్పు, చిరతలు, కోలాటం వాళ్లకు అలవాటైన కళలు. చర్చిలోకి వచ్చేటప్పుడు మాత్రం డప్పును గుమ్మం బయట పెట్టి రావలసి వచ్చింది. అది చావుకూ జాతరకూ మోగేదని, కులానికి గుర్తని, మర్యాద కాదని మిషనరీలూ అనుకున్నారు, చదువుకుని పైకొచ్చిన మనవాళ్లూ అనుకున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఇందుకు మినహాయింపు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయన. పల్లె సంఘాల్లో కోలాటాలనూ పాట కథలనూ పంట పండుగలనూ ప్రోత్సహించాడు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్‌ను చూసినా హిందూ, ముస్లిం కట్టడాల పోలికలు కనిపిస్తాయి.  1980ల తర్వాత దళిత వేదాంతం బలపడ్డాక డప్పుకు చర్చిలో మళ్లీ మాట దక్కింది. తమిళనాడులో జేమ్స్ థియోఫిలస్ అప్పావు పల్లె జానపద బాణీల్లో ఏకంగా ఆరాధన క్రమమే కూర్చాడు. తెలంగాణలో క్రిస్మస్ ముందు క్యారల్స్ రౌండ్లలోనూ పల్లె సువార్త కూటాల్లోనూ డప్పు బాగా మోగుతుంది. ఆదివారం ఆరాధనలో దానికి చోటు ఇంకా తక్కువే. పాత, కొత్త పద్ధతుల వాదనలో అసలు ఓడిపోయింది ఈ మూడో పాట. ఆ సంగతి ఇరుపక్షాలూ ఎత్తవు.

కొత్త తీరు ఒక్క రోజులో దిగలేదు. 20వ శతాబ్దం నడుమ నుంచే దానికి నేల సిద్ధమవుతూ వచ్చింది. భక్త సింగ్ (1903–2000) 1941లో మద్రాసులో మొదలుపెట్టి, 1950లో హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా విస్తరించిన సహవాసాల్లో జీతం తీసుకునే గురువు లేడు, అచ్చు వేసిన క్రమం లేదు. చాపల మీద కూర్చుని గంటలకొద్దీ పాడటం, ఎవరికి ప్రేరేపణ వస్తే వాళ్లు లేచి ప్రార్థించడం వాళ్ల పద్ధతి. వాళ్ల ‘సీయోను గీతములు’ పుస్తకం ఇప్పటికీ వేల ఇళ్లలో ఉంది. 1938లో ఎం. దేవదాసు అయ్యగారి చేతుల మీదుగా వచ్చిన బైబిల్ మిషన్, ఆ కాలంలోనే కేరళ నుంచి పాకిన పెంతెకోస్తు సంఘాలు పాటకు కన్నీటినీ చప్పట్లనూ కలిపాయి. పద్ధతిగా పాడటం కంటే మనసారా పాడటం ముఖ్యమన్న మాట జనంలోకి వెళ్లింది ఈ దారుల్లోనే.

తర్వాత సినిమా వచ్చింది. విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ 1978లో విడుదలైంది. ఆ సినిమా పాటలు చర్చికి వెళ్లని వాళ్లకు కూడా కంఠతా వచ్చాయి. క్రైస్తవ పాట కూడా సినిమా పాటంత హాయిగా, వాద్యబృందంతో నిండుగా ఉండొచ్చని జనం చెవికి అలవాటైంది. 1980లలో క్యాసెట్ ఆ అలవాటును ఇంటింటికీ చేర్చింది. ఏ.ఆర్. స్టీవెన్‌సన్ వంటి వాళ్లు రాయడం, స్వరపరచడం, పాడటం ఒక్క చేతి మీదుగా చేసి ఆల్బమ్ సంస్కృతిని నిలబెట్టారు. గుంటూరు కేంద్రంగా పెరిగిన హోసన్నా మినిస్ట్రీస్ ఏటా కొత్త సంవత్సరానికి కొత్త పాటలు విడుదల చేయడం ఒక ఆనవాయితీ చేసింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సంవత్సర వాగ్దానం ప్రకటించడం, దానికి తగ్గ పాట పాడటం చిన్న సంఘాలకు కూడా పాకింది ఆ తర్వాతే. అదే కాలంలో తమిళ సువార్తికులైన దినకరన్ కుటుంబపు పాటలు తెలుగులోకి దిగాయి. ఆరాధన, శుభవార్త వంటి టీవీ ఛానెళ్లు వచ్చాయి. ఆ వెనక యూట్యూబ్ వచ్చింది. ఇవాళ రాజ్ ప్రకాశ్ పాల్, జెస్సీ పాల్ పాటలు, జాషువా షేక్ రాయగా ప్రాణం కమలాఖర్ స్వరపరచిన పాటలు విడుదలైన వారానికే గోదావరిఖని యూత్ మీటింగులో వినిపిస్తాయి.

కొత్త పాట ఎలా కట్టి ఉంటుందో గమనిస్తే తేడా అర్థమవుతుంది. చరణాలు రెండో మూడో, పల్లవి పదే పదే. నాలుగైదు కార్డుల మీద పాటంతా తిరుగుతుంది. చివర ఒక చిన్న వాక్యాన్ని ఎనిమిది, పది సార్లు పాడుతూ వాయిద్యాల జోరు పెంచుతారు. అక్కడ చేతులెత్తుతారు, కొందరు ఏడుస్తారు. పాట ఆగినా కీబోర్డు ఆగదు, ఆ మెత్తని నాదం మీదే ప్రార్థన నడిచి మరో పాటలోకి జారుతుంది. దేవుణ్ని ‘ఆయన’ అని చెప్పే కీర్తన స్థానంలో ‘నీవు’ అని పిలిచే పాట వచ్చింది. త్రిత్వం, సిలువ, పునరుత్థానం వరసగా చెప్పే ఓపిక తగ్గి, నా బాధ, నా కన్నీరు, నన్ను విడువని ప్రేమ అనే మాటలు పెరిగాయి. ఇది లోపమని తేల్చేయడం న్యాయం కాదు. బైబిల్లోని దావీదు కీర్తనల్లోనే సగం ఈ ధోరణి. అయితే ఆ కీర్తనల్లో ఆక్రోశం ఉంది, దేవుణ్ని నిలదీయడం ఉంది, పేదవాడి పక్షాన న్యాయం అడగడం ఉంది. కొత్త పాటల్లో అవి దాదాపు లేవు. గని ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో పాడటానికి ఒక పాట వెతికితే చేయి కీర్తనల పుస్తకం వైపే వెళ్తుంది.

వాయించేవాళ్లు కూడా మారారు. పాత పద్ధతిలో హార్మోనియం ఒక పెద్దాయన చేతిలో ఇరవై, ముప్పై ఏళ్లు ఉండేది. ఇప్పుడు క్వార్టర్లలో ఇంటర్, డిప్లొమా చదివే కుర్రాడు యూట్యూబ్ చూసి కీబోర్డు నేర్చుకుంటాడు. పాడే అమ్మాయికి ఏ శ్రుతి సరిపోతే ఆ శ్రుతికి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి, తనకు తెలిసిన ఒక్క కార్డుల వరసతోనే లాగేస్తాడు. మరొకడు ప్యాడ్స్ వాయిస్తాడు. వాయించేవాడు దొరక్కపోతే ట్రాక్ పెట్టి పాడతారు. అంతకుముందు చర్చిలో చివరి బెంచీ దాటి ముందుకు రాని పిల్లలకు ఒక పని, ఒక గౌరవం దొరికాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి (వీబీఎస్) నుంచి అభినయ గీతాలు నేర్చుకుని వచ్చిన పిల్లలే నాలుగేళ్లకు వర్షిప్ టీం అవుతున్నారు. యువకులు సంఘం వదలకుండా నిలవడానికి ఇది పనికొచ్చిందని పాత పద్ధతిని ప్రేమించే పాస్టర్లు కూడా ఒప్పుకుంటారు.

ఈ తగాదా తెలుగువాళ్లది మాత్రమే కాదు, నిన్న మొన్నటిదీ కాదు. 1520లలో జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ చర్చిల్లో ఆర్గాన్లను మూయించాడు. అదే కాలంలో జర్మనీలో లూథర్ జనం నోట పాడదగ్గ పాటలు రాసి సంస్కరణను పాట మీద నడిపాడు. ఇంగ్లండ్‌లో బైబిలు కీర్తనలు తప్ప మనిషి రాసిన పాట చర్చిలో కూడదన్న పట్టుదల ఉన్న రోజుల్లో ఐజాక్ వాట్స్ హిమ్నులు గొడవ రేపాయి. తర్వాత అవే పవిత్ర వారసత్వమయ్యాయి. 1818 క్రిస్మస్‌కు ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్ పల్లెలో పుట్టి ప్రపంచమంతా పాడుకునే ‘సైలెంట్ నైట్’ మొదట వినిపించింది గిటార్ మీదే. 1960ల చివర కాలిఫోర్నియాలో హిప్పీ యువకులు చర్చిలోకి వచ్చినప్పుడు రాక్ సంగీతం వాళ్లతో పాటు వచ్చింది. 1983లో సిడ్నీలో మొదలైన హిల్‌సాంగ్ చర్చి ఆ తీరును ప్రపంచవ్యాప్త పరిశ్రమ చేసింది. 1990లలో అమెరికన్ సంఘాలు పాటల దగ్గర చీలిపోయి, ఒకే కప్పు కింద పొద్దున ఒక తీరు ఆరాధన, తర్వాత ఇంకో తీరు ఆరాధన పెట్టుకున్నాయి.

తెలుగు నేల మీద వాదన సాగే తీరు వేరు. అమెరికాలో పాతవాళ్లకు హిమ్ను సొంతం, రాక్ పరాయిది. ఇక్కడ హిమ్ను పరాయిది, కీర్తన సొంతం, కొత్త పాట సగం సినిమా, సగం హిల్‌సాంగ్. కొత్త పాటల్లో కొన్నింటికి కర్ణాటక, హిందుస్తానీ రాగాలు, వేణువు, సితార్ వాడుతున్నారు. ఆ మేరకు అవి ఇంగ్లిష్ హిమ్ను కంటే దేశీయమే. కాబట్టి దేశీయం, విదేశీయం అన్న గీటురాయి ఇక్కడ పనికిరాదు. వయసు గీటురాయి కూడా అంతే. కోస్తా నుంచి వలస వచ్చిన పెంతెకోస్తు కుటుంబంలో ఎనభై ఏళ్ల ముసలామెకు చప్పట్ల పాటే సంప్రదాయం.

పనికొచ్చే గీటురాయి ఒకటుంది. అది పాడేది ఎవరన్నది. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1761లో తన పాటల పుస్తకానికి కొన్ని నియమాలు జోడించాడు. అందరూ పాడాలి, గట్టిగా పాడాలి, అట్లాగని పక్కవాళ్ల గొంతును మింగేలా అరవకూడదు, తాళం తప్పకూడదు, ముందుకు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు అన్నది వాటి సారాంశం. కరీంనగర్ సంఘాల పూర్వగురువు చెప్పిన ఈ మాటలు పెట్టి చూస్తే రెండు పద్ధతుల్లోనూ తప్పిపోయిన ఆరాధనలు కనిపిస్తాయి. పద్నాలుగు మంది క్వయర్ నాలుగు గొంతుల్లో ఇంగ్లిష్ ఆంథెమ్ పాడుతుంటే మిగతా సంఘం కూర్చుని వినడమూ, వేదిక మీది గాయని సినిమా పాట స్థాయిలో ఒకటిన్నర స్థాయి ఎక్కి దిగుతుంటే కింద జనం ఫోన్లో వీడియో తీయడమూ ఒకటే. స్టూడియోలో పేరున్న గాయకులతో పాడించిన పాటలో సంగతులు మామూలు గొంతుకు అందవు. శ్రుతి కూడా రికార్డులో ఉన్నదే పట్టుకుంటారు, మగవాళ్లకు మరీ ఎక్కువవుతుంది. అనుభవమున్న వర్షిప్ లీడర్ శ్రుతి రెండు మెట్లు దించి, సంగతులు తీసేసి, పల్లవిని వట్టి చప్పట్ల మీద ఒకసారి పాడిస్తాడు. సంఘం పాడటం అక్కడ మొదలవుతుంది. తెర మీద పాట మాటలు వేయడం కూడా ఇందుకు తోడ్పడింది, తలలు పుస్తకంలోంచి పైకి లేచాయి. నష్టమల్లా పాటను పూర్తిగా ఒకేసారి చూడలేకపోవడం, ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు నిద్రపోతే సంఘమంతా మూగబోవడం.

రామగుండం ప్రాంతంలో ఎక్కువ సంఘాలు చివరికి వచ్చి చేరింది కలగలుపు పద్ధతికే. సీఎస్ఐలో ఆరాధన క్రమం అట్లాగే ఉంచి, మొదట పదిహేను ఇరవై నిమిషాలు యువకులకు స్తుతి పాటలకు ఇస్తారు. కానుక వేళకు, సంస్కారం వేళకు కీర్తన ఎత్తుకుంటారు. స్వతంత్ర సంఘాల్లో అంతా కొత్త పాటలే అయినా ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి డ్రమ్స్ ఆగి పాత శ్రమల పాట వస్తుంది. ఇంటి ప్రార్థనల్లో, గృహప్రవేశాల్లో, అప్పటికప్పుడు ఏర్పాటయ్యే ఉపవాస కూటాల్లో కరెంటు పెట్టెలు మోసుకెళ్లే వీలుండదు గనక అక్కడ తబలా, గిలకలు, కీర్తన నిలిచే ఉన్నాయి. అంత్యక్రియల్లో కొత్త పాట ఇంకా అడుగు పెట్టలేదనే చెప్పాలి. సమాధుల తోట దాకా నడుస్తూ పాడటానికి వాద్యం అక్కర్లేని, అందరికీ వచ్చిన పాట కావాలి. వేర్వేరు రాష్ట్రాల వాళ్లున్న టౌన్‌షిప్ సహవాసాల్లో తెలుగు, ఇంగ్లిష్, హిందీ పాటలు కలిపి పాడతారు. అక్కడ కీర్తన కంటే చిన్న చిన్న మాటల కోరస్సే అక్కరకొస్తుంది.

పాటల తగాదా కాక, బయట పెద్దగా చర్చకు రాని చిక్కులు సింగరేణి బెల్టుకు రెండున్నాయి. మొదటిది వేళ. గనికీ పవర్ హౌస్‌కూ ఆదివారం లేదు. మూడు షిఫ్టులు నడుస్తూనే ఉంటాయి. ప్లేడే మస్టరు, అంటే వారపు సెలవు రోజు పని, దొరికితే రెట్టింపు జీతం గనక ఆదివారం పనికి పోయేవాళ్లూ ఉంటారు. రెండున్నర గంటల ఆరాధన మొదటి షిఫ్టు వాడికి కుదరదు. అందుకే తెల్లవారుజామునో సాయంత్రమో రెండో ఆరాధన పెట్టే సంఘాలున్నాయి. గంటన్నరలో ముగిసే క్రమబద్ధమైన ఆరాధనకు ఇక్కడ ఉన్న గిరాకీ వెనక భక్తి ఎంతుందో షిఫ్టు గడియారం కూడా అంతే ఉంది. వేళతో పాటు ఆరాధన చోటు కూడా మారింది. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లోకి వెళ్లిన ఆరాధన తిరిగి పూర్తిగా బయటికి రాలేదు. సంఘంలో పాడుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు గానీ, అదే ఆరాధనను యూట్యూబులో ప్రత్యక్షంగా పెడితే పాట హక్కుదారుల తరఫున అభ్యంతరాలు వచ్చి వీడియో ఆగిపోవడం చిన్న సంఘాలకు కొత్త తలనొప్పి.

రెండో చిక్కు చప్పుడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పొద్దున పదింటికి క్వార్టర్లో నిద్రపోతుంటాడు. పక్క వీధిలో రేకుల షెడ్డులో డ్రమ్స్ మొదలవుతాయి. అతను క్రైస్తవుడే కావచ్చు, కాకపోవచ్చు. చెన్నైలోని ఒక పెంతెకోస్తు చర్చి డ్రమ్స్, గిటార్లు, లౌడ్‌స్పీకర్ల మీద కేకేఆర్ మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టులో వచ్చిన తీర్పులో, ఇతరుల ప్రశాంతతను భంగం చేస్తూ మైకులతో, డప్పులతో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నిజమైన డ్రమ్ సెట్టు మూసిన గదిలో 100 డెసిబెల్స్ దాటుతుంది. కర్రతో కొట్టే డ్రమ్‌కు బదులు ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ కొనే సంఘాలకు చవక ఎంత కారణమో చప్పుడును మీటతో తగ్గించుకోగలగడం అంత కారణం. స్పీకర్లను వీధి వైపు కాకుండా లోపలికి తిప్పుకోవడం, కింది స్థాయి బేస్ తగ్గించడం, కిటికీలకు మందపాటి తెరలు వేయడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. హార్మోనియం సంఘాలకు ఈ బాధ లేదనుకోవడానికీ వీల్లేదు. చర్చి గోపురానికి కొమ్ము మైకు కట్టి తెల్లవారుజామున కీర్తనల క్యాసెట్ వేసే అలవాటు పాత పద్ధతి సంఘాల్లోనే మొదలైంది. నియమం రెంటికీ ఒక్కటే వర్తిస్తుంది.